విడాకుల డిక్రీ నకలు కావాలా? విజయవాడ, గుంటూరు కోర్టుల్లో పని ఇలా జరుగుతుంది

పాస్‌పోర్టులో భర్త పేరు తీయించాలన్నా, రెండో పెళ్లి రిజిస్టర్ చేయించాలన్నా, వీసా ఇంటర్వ్యూకి వెళ్లాలన్నా అందరూ అడిగేది ఒకటే: ‘డైవోర్స్ సర్టిఫికెట్ తెండి’ అని. ఆ మాట పట్టుకుని చాలామంది ముందు మీసేవకి, తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి తిరుగుతారు. రెండు చోట్లా ఏమీ దొరకదు. మన దగ్గర పెళ్లికి రిజిస్ట్రేషన్ ఉంది గానీ విడాకులకు విడిగా సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసు లేదు. విడాకులిచ్చిన కోర్టు నుంచి తెచ్చుకునే డిక్రీ సర్టిఫైడ్ కాపీయే మీ సర్టిఫికెట్. వంద రూపాయల స్టాంపు పేపరు మీద పెద్దమనుషుల సంతకాలతో రాసుకున్న కాగితాన్ని పాస్‌పోర్టు ఆఫీసు గానీ, ఎంబసీ గానీ లెక్కలోకి తీసుకోవు. ఆచారం ప్రకారం విడాకులు చెల్లే కులాలవాళ్లు కూడా ఆ సంగతిని కోర్టులో తేల్చుకోవాల్సిందే.

కోర్టులో కాగితాలు రెండు ఉంటాయి. ఒకటి తీర్పు: వాదనలు, సాక్ష్యాలు, కారణాలతో పేజీలకు పేజీలు. రెండోది డిక్రీ: ఫలానా తేదీన జరిగిన పెళ్లి రద్దయిందని ఒకటి రెండు పేజీల్లో తేల్చి చెప్పేది. ఒక్క తీర్పు తీసుకుని పోతే ‘డిక్రీ ఏది?’ అంటారు, ఒక్క డిక్రీ తీసుకుని పోతే భరణం సంగతి, పిల్లల సంగతి ఎక్కడుందంటారు. అందుకే ఒకే దరఖాస్తులో రెండూ అడగండి, కనీసం రెండేసి సెట్లు. హిందూ వివాహ చట్టం 23(4) ప్రకారం విడాకుల డిక్రీ కాపీని ఇద్దరికీ ఉచితంగా ఇవ్వాలి. ఆ ఉచిత కాపీ చాలావరకు ప్లీడరు గారి ఫైల్లోనే ఉండిపోతుంది. కోర్టుకి పోయే ముందు ఆయన గుమాస్తాని అడిగితే అక్కడే పని అయిపోవచ్చు.

అది దొరక్కపోతే అసలు పని మొదలు. అందులో ముప్పాతిక భాగం కేసు నంబరు కనుక్కోవడమే. నంబరు, సంవత్సరం, కోర్టు పేరు మూడూ చేతిలో ఉంటే మిగిలింది కాగితాల పని. నంబరు ముందు ఫ్యామిలీ కోర్టు కేసులకు ఎఫ్‌సీఓపీ అనో ఓపీ అనో, సీనియర్ సివిల్ జడ్జి కోర్టు (వాడుకలో సబ్ కోర్టు) కేసులకు హెచ్‌ఎంఓపీ అనో ఉంటుంది. విజయవాడ, గుంటూరు రెండు చోట్లా ఫ్యామిలీ కోర్టులున్నాయి. అయితే మీరు ఉండేది విజయవాడ అయినంత మాత్రాన కేసు అక్కడే నడిచిందనుకోవద్దు. పెళ్లి జరిగిన ఊరు, ఇద్దరూ చివరగా కలిసి ఉన్న ఊరు, ఎదుటివాళ్లు ఉండే ఊరు, హిందూ వివాహ చట్టానికి 2003లో చేసిన సవరణ తర్వాత భార్య ఉంటున్న ఊరు, వీటిలో ఎక్కడైనా వేసి ఉండొచ్చు. తెనాలి, నూజివీడు, గుడివాడ, నందిగామ, నరసరావుపేట సబ్ కోర్టుల్లో ఎన్ని విడాకుల కేసులు నడిచాయో! పైగా మధ్యలో బదిలీ అయిన కేసుకి కొత్త కోర్టులో కొత్త నంబరు పడుతుంది. డిక్రీ ఉండేది ఆ కొత్త నంబరు కిందే.

కోర్టు కేసుల వివరాలు చూపే ప్రభుత్వ సైటు ఈ-కోర్ట్స్‌లో పార్టీ (కేసులో ఉన్న ఇద్దరిలో ఒకరి) పేరుతో వెతకొచ్చు. జిల్లా దగ్గర ఎన్టీఆర్ కనబడకపోతే కృష్ణా ఎంచుకోండి. 2022 ఏప్రిల్‌లో రెవెన్యూ జిల్లాలు విడిపోయినంత మాత్రాన కోర్టుల విభజన కూడా అలాగే ఉంటుందని లేదు. నరసరావుపేట, బాపట్ల వైపు కేసులకు గుంటూరు కింద కూడా చూడండి. స్టేటస్ దగ్గర ‘డిస్పోజ్డ్’ (తేలిపోయిన కేసులు) పెట్టాలి. సంవత్సరం దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు: అక్కడ అడిగేది విడాకులొచ్చిన సంవత్సరం కాదు, కేసు నమోదైన సంవత్సరం. 2016లో వేసి 2019లో తేలిన కేసు 2016 కిందే ఉంటుంది. పేరు మొత్తం కొట్టకండి. లక్ష్మి అన్న పేరునే ఇంగ్లీషులో ఒకరు కేఎస్‌హెచ్‌తో రాస్తారు, ఇంకొకరు ఎక్స్‌తో రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఒకచోట పొడి అక్షరంగా మిగులుతుంది. మూడు నాలుగు అక్షరాల ముక్కతో వెతకండి, రాకపోతే ఎదుటి పార్టీ పేరుతో వెతకండి. దొరగ్గానే ఏపీతో మొదలై, అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉండే సీఎన్ఆర్ నంబరు (ఆ ఒక్క కేసుకే ఉండే గుర్తింపు నంబరు) రాసిపెట్టుకోండి. తీర్పు పీడీఎఫ్ అక్కడే దొరుకుతుందని ఆశపడొద్దు. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ఈ విచారణలను గోప్యంగా ఉంచమంటుంది కాబట్టి కుటుంబ కేసుల ఉత్తర్వులు సాధారణంగా బయటికి కనబడవు. కనబడి డౌన్‌లోడ్ చేసుకున్నా అది సర్టిఫైడ్ కాపీ కాదు.

కంప్యూటర్లకు ముందు కాలం కేసులైతే ఆన్‌లైన్‌ని నమ్ముకోకుండా నేరుగా కోర్టు ఆఫీసుకే వెళ్లాలి. అక్కడ రిజిస్టరు తిరగేయాలంటే సుమారు ఏ సంవత్సరం, పిటిషనరు ఎవరు, ప్లీడరు ఎవరు అన్నవైనా మీరు చెప్పగలగాలి. తేలిపోయిన కేసు కట్ట కొన్నాళ్లకి రికార్డు రూముకి పోతుంది. మిగతా కాగితాలు కొన్నేళ్లకు తీసేసినా తీర్పు, డిక్రీ సాధారణంగా ఉంచేస్తారు. కాబట్టి ‘పాత కేసండీ, దొరకదు’ అన్న మొదటి జవాబుతో వెనక్కి రావద్దు.

ఇక దరఖాస్తు. దీన్ని కాపీ అప్లికేషన్, వాడుకలో సీఏ అంటారు. కోర్టు పేరు, కేసు నంబరు, ఇద్దరి పేర్లు, మీరు పిటిషనరా (కేసు వేసినవారా) రెస్పాండెంటా (ఎదుటి పార్టీయా), తీర్పు తేదీ, ఏయే కాగితాలు ఎన్నేసి కాపీలు కావాలో రాసి, కోర్టు ఫీ స్టాంపు అతికించి ఇవ్వాలి. మీరే స్వయంగా వేస్తుంటే ఆధార్ జిరాక్స్ దగ్గర ఉంచుకోండి. విజయవాడలో 2022 ఆగస్టులో ప్రారంభమైన కొత్త బహుళ అంతస్తుల భవనం వచ్చాక ఏ సెక్షను ఏ అంతస్తులో ఉందో వెతుక్కోవడమే సగం పని. కింద అడిగి తెలుసుకుని పైకెక్కండి. ఇచ్చాక సీఏ నంబరు తప్పకుండా తీసుకోండి. అది లేకపోతే మీ కాగితాన్ని ఎవరూ వెతికి పెట్టలేరు.

దరఖాస్తులు ఎక్కువగా చచ్చిపోయేది దీని తర్వాతే. అప్లికేషన్ ఇవ్వగానే పూర్తి డబ్బు కట్టించుకోరు. రికార్డు తెప్పించి, ఎన్ని పేజీలున్నాయో చూసి, ఎంత కట్టాలో లెక్కగట్టి నోటీసు బోర్డులో మీ సీఏ నంబరు వేస్తారు. దీన్నే ‘కాల్ ఫర్’ అంటారు. గడువులోగా ఆ చార్జీ కట్టకపోతే సీఏ కొట్టేస్తారు, మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. మీకు ఫోను వస్తుందని ఇంట్లో కూర్చోకండి. బోర్డు చూసే అలవాటున్న ప్లీడరు గుమాస్తాకి ఈ పని అప్పజెప్పడం దండగ ఖర్చు కాదనే నా అభిప్రాయం. కట్ట ఇంకా కోర్టు ఆఫీసులోనే ఉంటే పని త్వరగా తేలుతుంది, రికార్డు రూము నుంచి రావాలంటే వారాలు పట్టొచ్చు. అప్పీలు వేసి ఉంటే అసలు రికార్డే హైకోర్టుకి పోయి ఉండొచ్చు. అప్పుడు ముందుగా అప్పీలు నంబరు కనుక్కోవాలి. అర్జెంటుగా కావాలంటే అదనపు రుసుముతో అర్జెంట్ అప్లికేషన్ వేయొచ్చు. మే నెల వేసవి సెలవుల ముందు వారంలో మాత్రం వేయకండి.

కాపీ చేతికి రాగానే అక్కడే నిలబడి చూసుకోండి. ప్రతి పేజీలో పొట్టి సంతకం, ముద్ర ఉండాలి. చివర్లో ‘నిజ ప్రతి’ అన్న ధ్రువీకరణ, అధికారి సంతకం, తేదీ, కోర్టు ముద్ర ఉండాలి. సర్టిఫైడ్ కాపీకి చివర్లో ఇవి ఉండాలని భారతీయ సాక్ష్య అధినియం 75వ సెక్షన్ చెబుతుంది. వీటితోపాటు సీఏ నంబరు, దరఖాస్తు తేదీ, చార్జీ అడిగిన తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ వరసగా రాసిన ముద్ర ఒకటి ఉంటుంది. అప్పీలు వేసేవాళ్లకి ఆ ముద్రే ప్రాణం. కాపీ కోసం పట్టిన కాలాన్ని లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ కింద అప్పీలు గడువులోంచి తీసేసేది ఆ తేదీల్ని చూసే.

పెళ్లి సంబంధం చూస్తూ ‘అబ్బాయికి విడాకులయ్యాయట, నిజమేనా కనుక్కోవాలి’ అనుకునేవాళ్లు కూడా ఇదే దారిన వస్తారు. కేసులో లేనివాళ్లకి కాపీ మామూలుగా ఇవ్వరు. ఎందుకు కావాలో అఫిడవిట్‌తో కారణం చూపి కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి. కుటుంబ కేసుల్లో అది కష్టమే. సమాచార హక్కు కింద అడుగుదామన్నా కుదరదు. కోర్టు కాపీలను కోర్టు నిబంధనల ప్రకారమే తీసుకోవాలని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. సులువైన దారి, సర్టిఫైడ్ కాపీ చూపించమని వాళ్లనే అడగడం. అందులోని కేసు నంబరును ఈ-కోర్ట్స్‌లో కొట్టి స్టేటస్, తేదీ సరిపోయాయో లేదో చూడండి. డిక్రీ ఉంటే సరిపోదు, అప్పీలు గడువు దాటిందో లేదో కూడా చూడాలి. ఫ్యామిలీ కోర్టుల చట్టం 30 రోజులంటుంది, హిందూ వివాహ చట్టం 90 రోజులంటుంది. ఏది వర్తిస్తుందన్న వాదనలోకి దిగకుండా 90 రోజులు ఆగడం క్షేమం. పరస్పర అంగీకారంతో తీసుకున్న డిక్రీ మీద ఫ్యామిలీ కోర్టుల చట్టం 19(2) ప్రకారం అప్పీలు లేదు. ఎక్స్ పార్టీ డిక్రీ (ఎదుటివాళ్లు కోర్టుకి రాకుండానే వచ్చినది) అయితే దాన్ని రద్దు చేయమని పిటిషను పెండింగులో ఉందేమో కూడా అడగండి. ఈ ప్రశ్నకి మొహమాటపడేవాళ్లే తర్వాత చిక్కుల్లో పడతారు.

విదేశాల్లో ఉన్నవాళ్లు కాపీ కోసం విమానమెక్కక్కర్లేదు. కేసు నడిపిన ప్లీడరుకి ఇచ్చిన పాత వకాలత్ (మీ తరఫున కేసు నడపమని ఇచ్చిన అధికార పత్రం) కాపీల కోసం ఇంకా చెల్లుతుంది, సివిల్ ప్రొసీజర్ కోడ్ మూడో ఆర్డర్ నాలుగో రూల్ ఆ మాటే చెబుతుంది. ఆయన లేకపోతే మీ నాన్నగారికో అన్నయ్యకో జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) పంపండి. ఆ జీపీఏ ఇండియాకి చేరిన 3 నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. అపోస్టిల్‌ని (విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణని) ఒప్పుకునే దేశంలో చూపించడానికైతే ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ కావాలి.

అమెరికాలో విడాకులు తీసుకున్నవాళ్లకి ఇదంతా తిరగేసి ఉంటుంది. అక్కడ డిక్రీ ఆ కౌంటీ కోర్టు క్లర్క్ దగ్గర ఉంటుంది. టెక్సస్‌లో అయితే రాష్ట్ర ఆరోగ్య శాఖ ఇచ్చేది విడాకులయ్యాయని చెప్పే వెరిఫికేషన్ లెటరు మాత్రమే, సర్టిఫైడ్ డిక్రీ కోసం కౌంటీ డిస్ట్రిక్ట్ క్లర్క్‌నే అడగాలి. ఫొటోకాపీతో ఇక్కడికి వస్తే పని కాదు. తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కేసులో మిస్సోరీ కోర్టు ఇచ్చిన డిక్రీని 1991లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో, భార్య ఒప్పుకోకుండా వచ్చిన డిక్రీ చెల్లదంటూనే, సరైన ధ్రువీకరణ లేని ఫొటోస్టాట్ సాక్ష్యానికి పనికిరాదని కూడా చెప్పింది.

చివరగా పేర్లు. డిక్రీలో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటే నోటరీ అఫిడవిట్‌తో సర్దుకుపోదామని చూస్తారు, కొన్నిచోట్ల నడుస్తుంది కూడా. పెళ్లి తేదీయో, ఇంటిపేరో టైపింగులో తప్పు పడితే మాత్రం సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ కింద అదే కోర్టులో సవరణ పిటిషను వేయండి. ఎన్నేళ్ల తర్వాతైనా వేయొచ్చు. సవరించాక చేతిలో ఉన్న పాత కాపీ మీద దిద్దరు, మళ్లీ కొత్త సీఏ వేసి సవరించిన డిక్రీ కాపీ తీసుకోవాలి.