ఇరవై వేలలో రెండొందల తొమ్మిది

ఆ ట్యాంకర్ డ్రైవర్ మొహం ఇప్పటికీ కళ్లముందు మెదులుతుంది. ముందురోజు మధ్యాహ్నం 20,000 లీటర్ల డీజిల్ ఎత్తుకుని బయల్దేరాడు. తెల్లారి మా దగ్గర డిప్ కొడితే, అంటే గీతల రాడ్ ముంచి మట్టం చూస్తే, ఆ మట్టానికి ఎన్ని లీటర్లో చెప్పే చార్టు ప్రకారం 19,790 తేలింది. "అన్నా, సీళ్లు చూసుకో, ఒక్కటీ తెగలేదు" అని అదే మాట నాలుగుసార్లు అన్నాడు. అప్పటికే చుట్టూ ఉన్నవాళ్లు దొంగ అని తేల్చేశారు.

లోడింగ్ కాగితంలో టెంపరేచర్ 41 డిగ్రీలు, 15 డిగ్రీల దగ్గర డెన్సిటీ 835, అంటే ఘనపు మీటరుకు 835 కిలోలు. నేను థర్మామీటర్ దించి చూస్తే 29. కొలిచిన లీటర్లను 15 డిగ్రీల లీటర్లలోకి మార్చే ఫ్యాక్టర్ ఆ డెన్సిటీకి 41 దగ్గర 0.97769, 29 దగ్గర 0.98802. ఇరవై వేలను మొదటిదానితో గుణిస్తే, 15 డిగ్రీల దగ్గర 19,554 లీటర్లు. దాన్ని రెండోదానితో భాగిస్తే 29 దగ్గర ఎంత కనపడాలో వస్తుంది: 19,791. ముడుచుకున్నది 209 లీటర్లు. మిగిలిన ఒక్క లీటరూ డిప్ రాడ్ మీద గీత మందంలో పోయే తేడా. లెక్క వేసిన కాగితం అతని చేతికిచ్చాను. రెండుసార్లు చూసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

డిగ్రీ మారితే వెయ్యి లీటర్ల డీజిల్ సుమారు 0.85 లీటరు మారుతుంది. పెట్రోల్ ఇంకా ఎక్కువ, దాదాపు 1.2 లీటర్లు. అందుకే ఎక్కడ కొలిచినా ఒకే డిగ్రీకి తెచ్చి మాట్లాడుకోవాలి. కొన్నిచోట్ల అది 15 సెల్సియస్, కొన్నిచోట్ల 60 ఫారెన్‌హీట్. రెండూ ఒకటేననుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. 60 ఫారెన్‌హీట్ అంటే 15.56 సెల్సియస్. పది లక్షల లీటర్ల డీజిల్ మీద ఆ అర డిగ్రీయే 470 లీటర్లకు పైగా తేడా తెస్తుంది.

ఫ్యాక్టర్ల టేబుల్ ఎవరైనా చూడగలరు. నా అనుభవంలో లెక్క చెడేది థర్మామీటర్ దగ్గరే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి యాభై లక్షల లీటర్లున్న ట్యాంక్ ఎక్కాను. పైన గాలి విపరీతంగా ఉంది. థర్మామీటర్‌ని చాలినంతసేపు లోపల ఉంచలేదు, పైకి లాగాక, దాని కింద నూనె పట్టి ఉంచే చిన్న కప్పు ఒలికిపోయినా అలాగే చదివేశాను. ఒకటిన్నర డిగ్రీ తక్కువ రాసుకున్నాను. తక్కువ డిగ్రీ రాస్తే 15 దగ్గర స్టాక్ ఎక్కువ కనపడుతుంది. తర్వాతి షిఫ్ట్‌లో సరిగ్గా తీసేసరికి రాత్రికి రాత్రి ఆరు వేల లీటర్లకు పైగా మాయం! రెండు రోజులు వాల్వులన్నీ వెతికాం. లీకు లేదు. తప్పు నాదని తెలిసిన క్షణం నుంచి పైన, మధ్యలో, కింద మూడుచోట్లా తీయకుండా నేను మెట్లు దిగలేదు. ఎండ పడే ట్యాంక్‌లో పై పొర వేడి ఒకలా, అడుగు ఒకలా ఉంటుంది.

ప్రెషర్ సంగతి ఇలాంటి ట్యాంక్‌లో పట్టించుకోనక్కర్లేదు. పైప్‌లైన్ మీటర్ దగ్గర మాత్రం పట్టించుకోవాల్సిందే. 40 బార్ దగ్గర నలిగి ఉన్న డీజిల్‌ని వాతావరణ పీడనానికి తెస్తే వెయ్యి లీటర్లకు మూడు లీటర్లకు పైనే పెరుగుతుంది. ఎల్‌పీజీ లాంటివి ఇంకా బాగా నలుగుతాయి. వాటికి మొత్తం ప్రెషర్ పెట్టకూడదు, ఆ ద్రవానికి సొంతంగా ఉండే ఆవిరి పీడనం తీసేసి మిగిలింది పెట్టాలి.

కొత్తగా వచ్చిన పిల్లలకు నేను మొదట చూపించే తప్పు ఇంకోటి. డెన్సిటీ కొలిచే హైడ్రోమీటర్‌లో 29 డిగ్రీల దగ్గర 825 వస్తుంది. దాన్ని 15 కి మార్చకుండా అలాగే టేబుల్‌లో పెడతారు. అదే ట్యాంకర్ మీద లీటర్లలో తేడా దాదాపు ఆరు, ఎవరి కంటా పడదు. తర్వాత 15 డిగ్రీల దగ్గరి 19,554 లీటర్లని 835 తో కాకుండా ఆ 825 తోనే గుణించి బరువు తీస్తారు. అక్కడ 195 కిలోలకు పైనే ఎగిరిపోతాయి. లీటర్లు కుదిరాయి కాబట్టి కిలోలూ కుదిరే ఉంటాయని సంతకం పెట్టేస్తారు. అందుకే మా రిజిస్టర్‌లో డెన్సిటీ గడి పక్కన ఇంకో గడి గీయించాను, అది ఏ డిగ్రీ దగ్గరిదో రాయడానికి. ఆ గడి ఖాళీగా వస్తే పేజీ వెనక్కి పంపుతాను.