ఉక్కునగరం కోర్టులో ముటోంబో

2024 సెప్టెంబర్ 30, సోమవారం రాత్రి. అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే ఫోను మోగడం మొదలుపెట్టి ఇక ఆగలేదు. మా పాత బాస్కెట్‌బాల్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు. ఎవరిదైనా పుట్టినరోజో, ఇంట్లో పెళ్లో ఉంటే తప్ప అందులో చప్పుడుండదు. తెరిచి చూస్తే దుబాయ్‌లో ఉన్న మావాడు పెట్టిన ఒక్క ముక్క: "మన ముటోంబో పోయాడ్రా." దాని కింద వరసగా దండాలు.

డికెంబే ముటోంబో. కాంగో నుంచి అమెరికా వెళ్లి, అక్కడి పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడిన ఆటగాడు. 58 ఏళ్లు. మెదడులో కణితి. 2022 అక్టోబర్‌లోనే ఆ సంగతి బయటికి చెప్పారు. రెండేళ్లుగా తెలిసిన విషయమే. అయినా తడి చేత్తోనే వరండాలోకి వచ్చి కూర్చుండిపోయాను. అమ్మ వచ్చి "ఏటైంది నాన్నా, ఎవరికేటైంది?" అంది. ఎవరని చెప్పను?

"చిన్నప్పుడు నా మంచం పక్కన గోడ మీద ఉండేవాడు చూడు, బాగా పొడుగాటాయన. ఆయన పోయాడమ్మా."

"ఆ వేలు చూపించే అబ్బాయా?" అంది.

ఆ బొమ్మ చినిగిపోయి పాతికేళ్ల పైనే అయింది. అమ్మకి గుర్తుంది.

1994లో నేను పదో తరగతి. నాన్నది స్టీల్‌ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో షిఫ్టు డ్యూటీ. ఉక్కునగరం క్వార్టర్స్‌లో మా వరసలో ఒక్కరింట్లోనే కేబుల్ ఉండేది. ఆ అంకుల్‌కి ఆటల పిచ్చి. మమ్మల్ని చెప్పులు బయట విప్పించి, చాప మీద కూర్చోబెట్టి, ఎన్‌బీఏ మ్యాచ్‌లు చూపించేవారు. అందరూ స్టార్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ బొమ్మలు దాచుకునే రోజులు. నాకు మాత్రం ఆ ఇంట్లో చూసిన ఒక దృశ్యం కళ్లకి అతుక్కుపోయింది. మ్యాచ్ అయిపోయింది. ఏడడుగుల రెండంగుళాల మనిషి నేల మీద వెల్లకిలా పడుకుని, బంతిని రెండు చేతులతో మొహం పైకి ఎత్తి పట్టుకుని, నోరు తెరిచి నవ్వుతున్నాడు. పసిపిల్లాడికి బొమ్మ దొరికితే ఎలా నవ్వుతాడో అలా.

ఆ ఏడాది సియాటెల్ జట్టు 63 మ్యాచ్‌లు గెలిచి మొదటి సీడ్‌గా, అంటే మొదటి ర్యాంకుతో, ప్లేఆఫ్స్ అనే ఆఖరి దశ పోటీలకి వచ్చింది. ముటోంబో ఆడే డెన్వర్ 42 గెలిచి ఎనిమిదో సీడ్‌గా, చివరి చోటులో వచ్చింది. అయిదు మ్యాచ్‌ల సిరీస్‌లో డెన్వర్ మొదటి రెండూ ఓడిపోయింది. ఇక మూటా ముల్లే సర్దుకోవాల్సిందే అనుకుంటే, వరసగా మూడూ గెలిచింది. చివరిది ఓవర్‌టైమ్‌లో, సియాటెల్ సొంత కోర్టులో. నేను చూసిన ఆ నవ్వు అప్పటిదే. ఎనిమిదో సీడ్ జట్టు మొదటి సీడ్‌ని ఓడించడం ఎన్‌బీఏలో అదే మొదటిసారి. ఆ అయిదు మ్యాచ్‌లలో ముటోంబో చేసిన బ్లాకులు, అంటే రింగుకి వెళ్లే బంతిని గాల్లోనే అడ్డుకోవడాలు, 31.

నేను ఆ వయసుకే ఆరడుగులు దాటాను. క్లాసులో వెనక బెంచీ, గ్రూపు ఫొటోలో వెనక వరస, బస్సులో "ఒరే తాటిచెట్టూ". భుజాలు ముడుచుకుని నడిచేవాణ్ని. బాస్కెట్‌బాల్‌లో కూడా నాకు షాట్ లేదు. ఎంత ప్రాక్టీస్ చేసినా బంతి రింగుకి తగిలి బయటికే వచ్చేది. మా పీఈటీ సార్ ఒకరోజు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి సరిగ్గా రింగు కింద నిలబెట్టారు. "నువ్వు వెయ్యక్కర్లేదు. వాళ్లని వెయ్యనివ్వకు, చాలు" అన్నారు. ఆ మాట అర్థమయింది మాత్రం అంకుల్ ఇంట్లో ముటోంబోని చూశాకే. బంతి వెయ్యకుండా కూడా ఆట గెలిపించొచ్చని, పొడుగు అనేది దాచుకోవాల్సిన తప్పు కాదని. ఆ వేసవి నుంచి నేను నిటారుగా నడిచాను.

బ్లాక్ అంటే పైకెగిరి కొట్టడం అనుకుంటారు చూసేవాళ్లు. ముందు ఎగిరినవాడు మోసపోతాడు. అవతలివాడు భుజం కదిపి ఆశ పెడతాడు, మనం గాల్లోకి లేస్తాం, వాడు తాపీగా కింద నుంచి వేసుకుపోతాడు. అందుకని వాడి పాదాలు నేల వదిలేదాకా ఆగాలి. ఆగడమే కష్టం. లేచాక చేతిని కాదు, బంతిని తాకాలి. చేతిని తాకితే ఫౌలు. ఇదంతా రెప్పపాటులో జరిగిపోవాలి. ముటోంబో దీన్ని 18 సీజన్లు చేశాడు. మొత్తం 3,289 బ్లాకులు. ఆయన కంటే ఎక్కువ ఉన్నది ఒక్క హకీం ఒలాజువాన్‌కే, 3,830. ఏటా ఉత్తమ డిఫెన్స్ ఆటగాడికి ఇచ్చే అవార్డు ముటోంబోకి నాలుగుసార్లు వచ్చింది. కానీ మర్నాడు పేపర్లో పడేది ఎవరు ఎన్ని పాయింట్లు వేశారన్నదే. వెయ్యనివ్వని పాయింట్లకి లెక్క ఎక్కడుంటుంది? ఆ అన్యాయం మీద నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే.

ఇక ఆ వేలు. బ్లాక్ చేశాక చూపుడు వేలు ఎత్తి అటూ ఇటూ ఊపేవాడు, అమ్మలు పిల్లల్ని వారించినట్టు. మా కోర్టులో నేనూ ఊపాను. నా కంటే జానెడు పొట్టి కుర్రాడు, రింగు దాకా దూసుకొచ్చి బంతి వెయ్యడానికి లే-అప్‌కి వచ్చాడు, బంతిని కంచె దాకా కొట్టి వాడి మొహం మీద వేలు ఆడించాను. సార్ విజిల్ వేసి ఆట ఆపేశారు. "బంతిని కొట్టావు, బాగుంది. మనిషిని ఎందుకు కొడతావు?" అని గ్రౌండు చుట్టూ పది రౌండ్లు పరిగెత్తించారు. కొన్నేళ్లకి ఎన్‌బీఏ వాళ్లు కూడా అవతలి ఆటగాడి మొహం మీద వేలు ఊపితే టెక్నికల్ ఫౌల్, అంటే ప్రవర్తనకి శిక్ష, ఇవ్వడం మొదలుపెట్టారు. ముటోంబో ఏం చేశాడు? జనం వైపు తిరిగి ఊపాడు. మా సార్‌ని తలచుకున్నాను ఆ సంగతి చదివినప్పుడు.

ఇంతవరకూ అభిమానం. దీని తర్వాతది నాకు ఇంకోలాంటిది.

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను. వైజాగ్ వాళ్లకి ఆ తేదీ చెబితే చాలు. అప్పటికి నాన్న రిటైరై మేం కూర్మన్నపాలెంలో ఉంటున్నాం. అమ్మకి ఉబ్బసం. పొద్దుట్నుంచీ గాలి హోరుకి, టెన్షన్‌కి ఆయాసం ఎక్కువైంది. ఇన్‌హేలర్ అయిపోయింది. నెబ్యులైజర్ ఉంది, కరెంటు లేదు. ఫోన్లు లేవు. సాయంత్రం గాలి తగ్గాక కారు తీస్తే వీధి చివర దాటలేదు. ఎటు చూసినా చెట్లు, స్తంభాలు, రేకులు, వైర్లు. నేనూ, నాన్నా, పక్క వీధిలో ఉండే మా బ్యాచ్ వాళ్లిద్దరూ కలిసి అమ్మని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుంటూ బయల్దేరాం. పడిపోయిన చెట్ల మీంచి కుర్చీ చేతులు మార్చుకుంటూ దాటించాం. గాజువాక పావుగంట దారి. ఆ రాత్రి నాలుగు గంటలు పట్టింది. జనరేటర్ మీద నడుస్తున్న చిన్న ఆసుపత్రి ఒకటి దొరికింది. ఇంకాస్త ఆలస్యమైతే అని ఏదో అనబోయి అక్కడి డాక్టరు ఆగిపోయాడు. అమ్మ బతికింది.

ఆ మరుసటి ఏడాది, 2015లో, ముటోంబోకి బాస్కెట్‌బాల్ మహామహులకి ఇచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం ఇచ్చారు. ఆ సందర్భంగా ఆయన గురించి వచ్చినవన్నీ కూర్చుని చదివాను. అప్పుడు తెలిసింది. 1990ల చివర్లో కాంగోలో గొడవలు. రాజధాని కిన్షాసాలో ఆయన తల్లికి ఒంట్లో బాగోలేదు. కర్ఫ్యూ, వీధులు మూసేశారు. ఇంట్లోవాళ్లు ఆమెని ఆసుపత్రికి చేర్చలేకపోయారు. ఆమె ఇంట్లోనే పోయింది.

ఆ వాక్యం దగ్గర నేను ఫోను పక్కన పెట్టేశాను. నా చేతులకి ఆ కుర్చీ బరువు మళ్లీ తెలిసింది.

1987లో ఆయన అమెరికా వచ్చిందే స్కాలర్‌షిప్ మీద, డాక్టరవుదామని. జార్జ్‌టౌన్ యూనివర్సిటీలో కోచ్ ఆ పొడుగు చూసి కోర్టులోకి లాగాడు. డాక్టరు కాలేదు. కానీ తల్లి పేరున, బియాంబా మేరీ ముటోంబో ఆసుపత్రి అని, కిన్షాసాలో 300 పడకల ఆసుపత్రి కట్టించాడు. 2007లో అది మొదలైంది. ఖర్చు 2.9 కోట్ల డాలర్లు, అందులో సగం దాకా ఆయన సొంత డబ్బే. అంతకుముందు 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కి తన దేశపు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు వస్తే వాళ్ల యూనిఫాంలు, ఖర్చులు పెట్టుకున్నదీ ఆయనే. పిల్లల చేత వేలు ఊపించి నవ్వించే వీడియోలు అందరికీ తెలుసు. నూతిలోంచి వచ్చినట్టుండే ఆ గొంతుని అందరూ అనుకరిస్తారు. నాకు మాత్రం ఆయనంటే ఆసుపత్రి.

సోమవారం రాత్రి గ్రూపులో రెండింటి దాకా ఎవరూ పడుకోలేదు. ఒకడు డెన్వర్ పాత నీలం జెర్సీ ఫొటో పెట్టాడు. ఫిలడెల్ఫియా అభిమాని ఒకడున్నాడు, 2001 ఫైనల్స్‌లో తన జట్టు స్టార్ ఐవర్సన్ పక్కన నిలబడి, అవతలి జట్టు భారీకాయుడు షకీల్ ఓనీల్‌ని ఆపడానికి ఈయన పడ్డ పాట్లు గుర్తు చేశాడు. ఆయన ఏ జట్టువాడు అని కాసేపు పోట్లాడుకున్నారు. డెన్వర్, అట్లాంటా రెండూ ఆయన జెర్సీ నంబరు 55 ఇంకెవరికీ ఇవ్వమని పక్కన పెట్టేశాయి కదా, ఇద్దరివాడూ అని సర్దుకున్నారు. చివరికి ఎవరో అన్నారు, బుధవారం సెలవే కదా, కోర్టుకి వెళదాం అని.

అక్టోబర్ 2, గాంధీ జయంతి. మహాలయ అమావాస్య కూడా అదే రోజు పడింది. పొద్దున్నే అప్పికొండ బీచ్‌కి వెళ్లి స్నానం చేసి నాన్నకి తర్పణం వదిలాను. నాన్న పోయి అయిదేళ్లు. అమ్మ చెప్పినట్టు బియ్యం, కందిపప్పు, అరటికాయ, గుమ్మడికాయ ముక్కతో స్వయంపాకం ఇచ్చాను. తర్పణాల్లో బంధువులవి అయ్యాక గురువులకి, స్నేహితులకి కూడా వదలమంటారు. పంతులుగారు "ఎవరైనా ఉన్నారా బాబూ?" అని అడిగారు. మా పీఈటీ సార్ పేరు చెప్పాను. తర్వాత ఇంకో పేరు చెప్పాను. పంతులుగారికి పలకడం రాలేదు. రెండోసారి అడిగి, నెమ్మదిగా కూడబలుక్కుని, సరిగ్గానే పలికారు. గోత్రం అడగలేదు. నువ్వులూ నీళ్లూ ఇసకలోకి ఇంకిపోయాయి.

సాయంత్రం కోర్టుకి తొమ్మిదిమంది వచ్చాం. అందరికీ నలభై దాటాయి, ఇద్దరికి మోకాళ్లకి పట్టీలు. సుద్దముక్కతో రింగు కింద 55 అని రాశాం. ఒక నిమిషం మౌనంగా నిలబడ్డాం. అక్కడ ఆడుకుంటున్న కుర్రాళ్లు కూడా బంతి చంకలో పెట్టుకుని మాతో పాటు నిలబడ్డారు. మాలో ఒకడు ఏడ్చాడు. మా అమ్మ కుర్చీ మోసినవాళ్లలో ఒకడు వాడు. తర్వాత గంటసేపు ఆడాం. ఎవరూ షాట్లు లెక్కపెట్టలేదు, బ్లాకులే లెక్కపెట్టుకున్నాం. నాకు రెండు వచ్చాయి.

ఇంటికొచ్చేసరికి అమ్మ టీవీ కట్టేసి నా కోసం కూర్చుని ఉంది. కాళ్లకి వేణ్నీళ్లు పెట్టి, పక్కన పీట వేసుకుంది. అప్పుడు ఆసుపత్రి సంగతి మొత్తం చెప్పాను. తల్లి పేరు, ఆ కర్ఫ్యూ, ఆ వీధులు, అన్నీ. అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు.

"ఆ ఆసుపత్రి ఇప్పుడూ నడుస్తోందా?"

"నడుస్తోందమ్మా."

"మరింకేటి" అని, నీళ్లు చల్లారిపోతున్నాయి, కాళ్లు పెట్టమంది.