రాత్రంతా ఊగిన పాడ్లు

మొన్న రాత్రి రెండున్నరకి ఫోన్ మోగింది, లేచి చూస్తే మా సర్వీస్ పాడ్లు, అంటే ఆ సర్వీస్‌ని నడిపే కాపీలు, 6 నుంచి 20కి ఎక్కుతున్నాయి, రెండు నిమిషాలకే మళ్ళీ 6కి పడిపోతున్నాయి, మళ్ళీ పైకి, మళ్ళీ కిందకి, గంటసేపు అదే ఊగులాట. కోడ్‌లో తప్పేం లేదు. ఈ పాడ్లని నడిపించే కుబెర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్‌లో వాటిని పెంచి తగ్గించే ఆటోస్కేలర్ 15 సెకన్లకోసారి సీపీయూ వాడకం చూసి ఎన్ని పాడ్లు కావాలో లెక్కేసుకుంటుంది కదా, తగ్గించేముందు మామూలుగా 300 సెకన్ల లెక్కలు వెనక్కి చూసుకుని వాటిలో పెద్ద నంబర్ దగ్గర ఆగుతుంది, ఖర్చు మిగులుతుందని ఆ 300ని సున్నా చేసింది నేనే. కొత్త పాడ్లు వచ్చి లోడ్ కాస్త తగ్గగానే వాటిని తీసేస్తోంది, తీసేయగానే మిగిలినవాటి మీద భారం పడుతోంది.

2001లో ఐబీఎం పరిశోధన విభాగం అధిపతి పాల్ హార్న్ ఇలా సిస్టమ్ తనంతట తానే సర్దుకునే ఆలోచనకి అటానమిక్ కంప్యూటింగ్ అని పేరు పెట్టాడు, మనం చెప్పకుండానే గుండె కొట్టుకోవడం, చెమట పట్టడం శరీరం చూసుకున్నట్టు సిస్టమ్ తన పని తనే చూసుకోవాలని. గమనించడం, విశ్లేషించడం, ప్లాన్ వేయడం, అమలు చేయడం, మధ్యలో ఇవన్నీ వాడుకునే జ్ఞానం, ఇదీ అలాంటి సిస్టమ్ మళ్ళీ మళ్ళీ తిరిగే లూప్. నేను చదివినప్పుడల్లా ఆ నాలుగు పనులే చూశా, వాటి మధ్య ఎంతసేపు ఆగాలన్నది కూడా డిజైనే అని ఆ రాత్రి గ్రాఫ్ ముందు కూర్చున్నాకే ఒంటికి పట్టింది.

300 మళ్ళీ పెట్టేశా. పాడ్లు మెల్లగా 11 దగ్గర నిలబడ్డాయి, తెల్లారేదాకా కదల్లేదు, నేను మాత్రం నిద్రపోకుండా ఆ గీతనే చూస్తూ కూర్చున్నా, అంత అందంగా అనిపించింది.