పక్క తడిపే పిల్లవాడు

మా చిన్నవాడికి ఆరేళ్లు నిండినా రాత్రిపూట పక్క తడపడం ఆగలేదు. ఇంటికి వచ్చిన బంధువులు వాడి ముందే "ఇంత పెద్దవాడివయ్యావు, సిగ్గు లేదురా?" అని నవ్వుతుంటే, ముందుగా ఆపవలసింది ఆ నవ్వులనేనని అనిపించింది, నిద్రలో జరిగిపోయేదానికి వాణ్ణి తిట్టి ప్రయోజనమేమిటి?

ఐదేళ్లలోపు పిల్లల్లో దీనిని వైద్యులు సమస్యగా పరిగణించరు. రాత్రివేళ మూత్రం తయారీని తగ్గించే వాసోప్రెసిన్ హార్మోను కొందరిలో చాలకపోవడం, మూత్రాశయం నిండినా మెలకువ రాకపోవడం ఇందుకు ముఖ్య కారణాలు. వంశపారంపర్యం కూడా ఉంటుందని విన్నాక, మా అత్తగారు తన కొడుకు చిన్నప్పటి పరుపుల సంగతి బయటపెట్టారు!

డాక్టరుగారు మాత్రం మొదట అడిగింది విరేచనం గురించే. పేగులో గట్టిపడిన మలం మూత్రాశయాన్ని నొక్కుతుంది కనుక, మలబద్ధకం తగ్గితే చాలామంది పిల్లల్లో పక్క తడపడమూ తగ్గుతుందట. అందుకని జామపండు, ఆకుకూర పప్పు పెంచాము. పగలు నీళ్లు బాగా తాగించి, రాత్రి భోజనం తర్వాత తగ్గించి, పడుకునే ముందు తప్పక మూత్రానికి పంపాము. పరుపుపై రబ్బరు షీటు, దానిపై పాత నూలు చీర మడతలు పరిచాము. తడిస్తే పై మడత లాగేస్తే సరి, వాడు మళ్లీ నిద్రలోకి జారుకునేవాడు.

వీటితో తగ్గకపోతే తడి తగలగానే మోగే అలారాలు, మందులు ఉన్నాయి, కానీ వైద్యుని సలహాతోనే వాడాలి. ఆరు నెలలకు పైగా మానిన పిల్లవాడు మళ్లీ మొదలుపెట్టినా, మూత్రంలో మంట, అతిదాహం కనిపించినా ఆలస్యం చేయక చూపించాలి.