ఏడు సంఘాలు, ఒక ఇంటిపేరు

మా అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు కాలమ్ ఖాళీ. పేరంతా కలిపి ఒకే గడిలో రాసేశారు. ఎందుకలా అయిందమ్మా అంటే, "ఇంటిపేరు మా నాన్నదా, మీ నాన్నదా అని అడిగాడ్రా ఆ అబ్బాయి. సర్టిఫికెట్లలో ఒకటుంది, రేషన్ కార్డులో ఇంకోటుంది. తేల్చుకోలేక వదిలేశా" అంది. ఆ ఖాళీ గడి మమ్మల్ని ఎంత తిప్పలు పెట్టిందో చెప్పడానికే ఇది రాయడం మొదలుపెట్టాను. కానీ చెప్పాల్సింది అదొక్కటే కాదు.

అమ్మకి 68 ఏళ్ళు. గుంటూరులో మిషన్ హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరైంది. అందరూ యెరూషలేము వెళ్తుంటే ఈవిడ మాత్రం బైబిల్లో చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో ఉన్న ఏడు సంఘాల ఊళ్ళూ చూడాలంటుంది. ఎఫెసు, స్ముర్న, పెర్గము, తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, లవొదికయ. ఏడూ ఇప్పటి టర్కీలో పడమటి వైపున్నాయి. నేను క్రిస్మస్‌కి తప్ప చర్చి గుమ్మం ఎక్కని వాణ్ణి, అయినా మోకాళ్ళ నొప్పులున్న మనిషిని ఒంటరిగా పంపలేను కదా. 2024 అక్టోబరులో ఒక ట్రావెల్ ఏజెన్సీ వేసిన గ్రూపు టూరులో ఇద్దరం చేరాం. టర్కీతో పాటు గ్రీసులో ఏథెన్స్, కొరింథు కూడా ఉన్నాయి. బ్రోచర్ మీద "ఏడు చర్చీల యాత్ర" అని పెద్దక్షరాలు, కింద, ప్రకటన గ్రంథం రాసిన యోహాను ఉన్న పత్మాసు ద్వీపం ఫొటో. మనిషికి రెండున్నర లక్షలు దాటింది. దాని మీద అప్పట్లో 5 శాతం టీసీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను. అది రిటర్న్ వేసినప్పుడు తిరిగొస్తుందని మా గ్రూపులో సగం మందికి తెలియదు. ఇలాంటి టూరుకి వెళ్ళేవాళ్ళు ఆ రసీదు పారేయొద్దు.

అసలు తతంగం వీసాల దగ్గర మొదలైంది. మన పాస్‌పోర్టుకి టర్కీ ఈ-వీసా ఊరికే రాదు. చేతిలో షెంజెన్‌దో (గ్రీసు లాంటి యూరప్ దేశాల ఉమ్మడి వీసా), అమెరికాదో, బ్రిటన్‌దో వీసా ఉండాలి. అంటే ముందు గ్రీసు వీసా రావాలి, ఆ తర్వాతే టర్కీకి అప్లై చేయాలి. ఏజెన్సీ వాళ్ళు మాత్రం "రెండూ పక్కపక్కనే నడుస్తాయండీ, టెన్షన్ పడకండి" అన్నారు. ఇంకో మెలిక వాళ్ళకీ ఆలస్యంగా తట్టింది. టర్కీలో అడుగుపెట్టే రోజుకి ఆ షెంజెన్ వీసా మొదలై ఉండాలి. మా ప్లానులో ముందు టర్కీ, తర్వాత గ్రీసు. గ్రీసు వాళ్ళు వాళ్ళ దేశంలోకి వెళ్ళే తేదీ నుంచి వీసా ఇస్తే, టర్కీలో దిగే రోజుకి అది ఇంకా పుట్టి ఉండదు! చివరికి టూరు మొత్తం తిరగేశారు. ముందు ఏథెన్స్, తర్వాత టర్కీ. తిరగేయడంలో పత్మాసు ఎగిరిపోయింది. అడిగితే "అవకాశాన్ని బట్టి" అని ప్లానులో చిన్నక్షరాలతో ఉన్న ముక్క చూపించారు. వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు పెద్ద గొడవ. అమ్మ మాత్రం, "యోహాను మాత్రం ఇష్టపడి వెళ్ళాడేంట్రా అక్కడికి? ఖైదీగా తీసుకెళ్ళారు" అని ఊరుకుంది.

హైదరాబాదులో వేలిముద్రలకి వెళ్ళాం. ఫీజు 90 యూరోలు, సర్వీసు చార్జీ వేరే. బ్యాంకు స్టేట్‌మెంట్లు, పెన్షన్ కాగితాలు, 30,000 యూరోలకి తగ్గని ఇన్సూరెన్సు, అన్నీ వరసగా పెట్టుకుని కూర్చున్నాం. తీరా చూస్తే మెషీన్ అమ్మ వేళ్ళని గుర్తుపట్టదే! తడిగుడ్డతో తుడిచారు, గట్టిగా నొక్కమన్నారు, ఒక్కో వేలూ విడిగా పెట్టించారు. ముప్పయ్యేళ్ళకి పైగా చాక్‌పీసు పట్టిన బొటనవేలూ చూపుడువేలూ నున్నగా అరిగిపోయాయి. ఆరోసారో ఏడోసారో పచ్చలైటు వెలిగింది. కౌంటర్లో అమ్మాయి "హమ్మయ్య, మేడమ్" అంటే అమ్మ ఆ పిల్లకి థాంక్స్ చెప్పి, చేతులు చీరకొంగుకి తుడుచుకుంది.

ఇక ఇంటిపేరు. ఫారాల్లో ఇంటిపేరు తప్పనిసరి. ఏజెన్సీ కుర్రాడు పేరులో చివరి ముక్కని ఇంటిపేరు చేసి విమానం టికెట్ తీశాడు. ఇన్సూరెన్సులో మొదటి ముక్క ఇంటిపేరైంది. ఈ-వీసాలో మూడో రకం. ఒకే మనిషి, మూడు కాగితాలు, ముగ్గురు మనుషులు. గ్రీసు వీసా బయల్దేరడానికి ఆరు రోజుల ముందు చేతికొచ్చింది. ఆ ఆరు రోజులూ టికెట్ సరిచేయించడం, ఈ-వీసా మళ్ళీ తీయడం, ఇన్సూరెన్సు మార్పించడం, ఇదే పని. అయినా ఎయిర్‌పోర్టులో సూపర్‌వైజర్ని పిలిచారు. ఆయన పాస్‌పోర్టు చూసి, నన్ను చూసి, "తెలుగువాళ్ళా?" అని ఒక్క మాటడిగి బోర్డింగ్ పాస్ ఇచ్చేశాడు. మా ఇంటిపేర్ల గొడవ ఆయనకి కొత్త కాదన్నమాట. ముప్పై ఆరు మందిమి డబ్బు కట్టాం, వీసాలు అందక నలుగురు ఆగిపోయారు. ఆ నలుగురి డబ్బు సంగతి ఇంకా తేలలేదని విన్నాను.

ఏథెన్స్‌లో అరేయొపగు అంటే అక్రోపొలిస్ కింద ఒక ఒట్టి బండ. తొలి క్రైస్తవ ప్రచారకుడు పౌలు నిలబడి "తెలియబడని దేవుని" గురించి మాట్లాడింది ఇక్కడే అంటారు. లక్షల పాదాలు తొక్కి తొక్కి ఆ రాయి సబ్బులా జారుతోంది. పక్కన ఇనుప మెట్లున్నా అమ్మ ఎక్కనంది. కింద బండకి కొట్టిన కంచు పలక మీద ఆ ప్రసంగం గ్రీకులో ఉంది. ఒక్క అక్షరం రాకపోయినా, అపొస్తలుల కార్యములు 17 తెరిచి పెట్టుకుని పలక మీద వేలు ఆనించి వరస వరసా చదివింది. ఇక్కడ ఏ మెషీనూ అడ్డం చెప్పలేదు.

కొరింథులో పౌలుని రోమా అధిపతి గల్లియోను ముందుకి ఈడ్చుకొచ్చిన న్యాయపీఠం అని ఒక రాతి అరుగు చూపిస్తారు. ఆ గల్లియోను పేరున్న శాసనం ముక్కలు డెల్ఫీలో దొరకబట్టే, పౌలు కొరింథులో ఉన్నది క్రీ.శ. 51 ప్రాంతం అని లెక్క కట్టగలిగారట. సోషల్ టీచరుకి ఇంతకంటే ఏం కావాలి? దారిలో కొరింథు కాలువ దగ్గర పది నిమిషాలు ఆపారు. 1893లో తెరిచిన ఆ కాలువ ఆరు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. పైనుంచి చూస్తే కొండని కత్తితో కోసినట్టుంది.

ఇస్తాంబుల్ మీదుగా ఇజ్మీర్ చేరాం. తెల్లారి ఎఫెసు. బస్సులు పై గేటు దగ్గర దింపి, కింద గేటు దగ్గర ఎక్కించుకుంటాయి. అంటే దారంతా దిగుడే. మోకాళ్ళవాళ్ళకి ఇది ఎక్కడం కంటే కష్టం. పాలరాతి వీధి, నడుమ అరిగిన పలకలు, అమ్మ ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో నా భుజం. రెండంతస్తుల సెల్సస్ లైబ్రరీ ముఖభాగం దగ్గర ఫొటోల కోసం తోపులాట. కూలిపోయిన దాన్ని ఆస్ట్రియా పురావస్తు సంస్థవాళ్ళు 1970ల్లో మళ్ళీ నిలబెట్టారు. అమ్మ దాన్ని పట్టించుకోలేదు. ఆవిడ ధ్యాసంతా నాటకశాల మీదే. దాదాపు 25,000 మంది పట్టే రాతి మెట్లు. వెండి గుళ్ళు చేసి అమ్మే దేమేత్రి, పౌలు వల్ల తన వ్యాపారం దెబ్బతింటోందని ఊరినంతా రేపితే, జనం ఇక్కడ చేరి "ఎఫెసీయుల అర్తెమిదేవి మహాదేవి" అని రెండు గంటలసేపు అరిచారు. అమ్మ కింద నిలబడి మామూలు గొంతుతో ఆ మాటే అంది. ఇరవై మెట్లు పైనున్న నాకు స్పష్టంగా వినిపించింది.

"అనుపు గుర్తుందిరా?" అంది. నాగార్జునకొండ మునిగిపోక ముందు తవ్వి తీసి, అనుపులో మళ్ళీ పేర్చిన ఇక్ష్వాకుల కాలం నాటి రాతిమెట్ల ప్రాంగణం అది. ఏటా పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్ళి, కింద చప్పట్లు కొట్టించి పైన వినిపించేది. ఒకసారి వాళ్ళలో నేనూ ఉన్నాను. అది చిన్నది, ఇది మహా పెద్దది. ఎఫెసుకి అప్పట్లో రేవుండేది. నది తెచ్చిన ఒండ్రుతో అది పూడిపోయి, సముద్రం కొన్ని కిలోమీటర్లు వెనక్కి పోయింది. ఊరికి ముప్పు సముద్రం నుంచి కాదు, మట్టి నుంచి వచ్చింది. ఆ అర్తెమిదేవి గుడి ప్రపంచ ఏడు వింతల్లో ఒకటి కదా, ఇప్పుడు అక్కడ ముక్కలతో పేర్చిన ఒకే ఒక్క స్తంభం, దాని నెత్తిన కొంగగూడు.

మా బస్సులో ఆర్టీసీలో రిటైరైన అన్నయ్యగారు ఒకరున్నారు. ప్రతి ఊళ్ళో దిగగానే ఆయన ప్రశ్న ఒకటే: "చర్చి ఎక్కడండీ?" స్ముర్నలో అంగడి స్తంభాలు చూపిస్తే అదే ప్రశ్న. పెర్గములో కేబుల్ కారెక్కి కొండ మీదికి వెళ్తే, గ్రీకు దేవుడు జియస్ బలిపీఠం ఉండాల్సిన చోట రెండు పైన్ చెట్లు, రాతి పునాదీ. మిగతాదంతా బెర్లిన్‌లో ఉందట. అప్పుడూ అదే. తుయతైర ఇప్పుడు అఖిసార్ అనే మామూలు పట్నం. బజారు మధ్యలో కంచె వేసిన చిన్న జాగా, ఆ చుట్టూ దుకాణాలు. పావుగంటలో అయిపోయింది. ఊదారంగు పొడి అమ్మే లూదియ ఊరు ఇదే అని అమ్మ మురిసిపోతోంటే, అన్నయ్యగారు గైడుతో గట్టిగానే అన్నారు: "ఏడు చర్చీలన్నారు, ఒక్కటీ చూపించరేం?"

అమ్మ కల్పించుకుంది. "బైబిల్లో చర్చి అని లేదు కదండీ అన్నయ్యగారూ. ఏడు సంఘములు అని ఉంది. వాళ్ళకి భవనాలెక్కడివి? ఇళ్ళల్లోనే కూడుకునేవాళ్ళు." ఆయన కళ్ళజోడు సర్దుకుని తన బైబిలు తెరిచి చూసుకున్నారు. నిజంగానే సంఘమనే ఉంది. బ్రోచర్ రాసినవాడు ఇంగ్లిషు నుంచి దించాడు, దిగింది కాస్తా భవనమై కూర్చుంది.

సార్దీస్‌లో యూదుల సమాజమందిరం చూసి నేను నోరు తెరిచాను. వ్యాయామశాల పక్కనే, ఊరి నడిబొడ్డున, నేలంతా రంగురాళ్ళ ముగ్గులు. ఫిలదెల్ఫియలో ఇళ్ళ సందులో నిలబడ్డ లావుపాటి ఇటుక స్తంభాలు తప్ప ఏమీ లేదు. అవీ తర్వాతి కాలానివే.

తిండి గురించి ఒక్క ముక్క. ఎర్రపప్పు సూపు మన పప్పుచారుకి దగ్గర చుట్టం. ఐరాన్ అంటే ఉప్పేసిన మజ్జిగే. ఈ రెండూ ఉంటే అమ్మకి బెంగ లేదు. గోంగూర సీసా చెకిన్ బ్యాగులో పెట్టండి, చేతి సంచీలో పెట్టిన ఒక అమ్మగారిది సెక్యూరిటీ వాళ్ళు తీసి పక్కన పెట్టేశారు.

లవొదికయ చివరిది. ఆ పొద్దున మమ్మల్ని ఒక తోలు జాకెట్ల షోరూమ్‌కి తీసుకెళ్ళి, టీ పోసి, ఫ్యాషన్ షో చూపించి రెండు గంటలు కూర్చోబెట్టారు. గుంటూరు ఎండల్లో తోలు జాకెట్ ఎవడు వేసుకుంటాడు? ఆ ఆలస్యానికి లవొదికయకి మిగిలింది నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల కోసం అమ్మ ఎన్నేళ్ళు ఎదురుచూసిందో ఆ షోరూమ్ వాడికేం తెలుసు?

అక్కడే నీళ్ళ గొట్టాలు చూశాం. దూరం నుంచి నీళ్ళు తెచ్చిన మట్టి గొట్టాలు, రాతి గొట్టాలు విరిగి పడున్నాయి. ఒకదాని నోట్లోకి తొంగిచూస్తే చుట్టూ తెల్లగా, పొరలు పొరలుగా సున్నం పేరుకుపోయి, నడుమ అరచేయంత సందు కూడా లేదు. లోయకి అవతల పముక్కలే కొండ తెల్లగా మెరుస్తోంది. అక్కడ హియెరాపొలిలో వేడినీటి ఊటలు, ఇటుపక్క కొలొస్సయిలో చల్లటి నీళ్ళు, వీళ్ళ దగ్గరికొచ్చేసరికి నులివెచ్చన, అందుకే ప్రకటన గ్రంథంలో ఈ సంఘానికి నులివెచ్చగా ఉన్నారన్న తిట్టు అని గైడు వివరించింది. అమ్మ గొట్టంలో వేలు పెట్టి సున్నం గీకి చూసింది. "అచ్చం మన గీజర్ కాయిల్‌రా" అంది. బోరు నీళ్ళతో బతికేవాళ్ళకి ఇంకో వ్యాఖ్యానం అక్కర్లేదు.

అన్నయ్యగారు మాత్రం ఆ నలభై నిమిషాల్లో తనకి కావలసింది పట్టేశారు. 2010లో బయటపడ్డ నాలుగో శతాబ్దపు చర్చి, పైన రేకు కప్పు, మొజాయిక్ నేల మీద అద్దాల దారి. "దొరికిందండీ టీచరుగారూ!" అని అక్కణ్ణుంచే కేక. ప్రకటన గ్రంథానికి రెండు వందల ఏళ్ళకి పైగా తర్వాతదని అమ్మ నోటిదాకా వచ్చిన మాట మింగేసి, వెళ్ళి ఆయనకి ఫొటో తీసింది.

ఇస్తాంబుల్‌లో ఒకప్పుడు చర్చి, ఇప్పుడు మసీదు అయిన హగియా సోఫియా టికెట్ 25 యూరోలు ప్యాకేజీలో లేదన్నారు. తిట్టుకుంటూనే కట్టాం. 537లో పూర్తయిన ఆ కట్టడంలో గోపురం వైపు చూస్తూ మెడనొప్పి వచ్చేదాకా నిలబడ్డాం.

ఇంటికొచ్చాక మొదటి పని పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎక్కించడం. పుట్టింటిదా, అత్తింటిదా అని అమ్మ ఇంకా తేల్చలేదు. ఈ మధ్య గీజర్ పాడైతే మెకానిక్ కాయిల్ మార్చాడు. పాతది పట్టుకెళ్ళబోతుంటే అమ్మ లాక్కున్నంత పని చేసింది. అది ఇప్పుడు వంటింటి కిటికీలో పాత పేపరు మీద ఆరుతోంది, ఆదివారం సండే స్కూల్ పిల్లలకి చూపించాలట.