దిద్దిన కాగితం ఒకటి చూపిస్తారా?

మా చెల్లెలి కూతురు ఇంటర్ సీఈసీ పాసైంది. ఫలితాలు వచ్చిన రోజు రాత్రి పదకొండు దాటాక నాకు ఫోన్ చేసింది. నేను హన్మకొండలో డెస్క్ మీదే ఉన్నాను. జిల్లా పేజీలు వదలడానికి ఇంకా ఇరవై నిమిషాలే టైముంది. "పెద్దమ్మా, నేను జర్నలిజం డిగ్రీ చేస్తా. నువ్వు ఊ అంటే అమ్మ కూడా ఒప్పుకుంటది" అంది. పేజీలయ్యాక చేస్తానని పెట్టేశాను గానీ ఆ ఇరవై నిమిషాలూ మనసు పేజీ మీద నిలవలేదు. పంతొమ్మిదేళ్లుగా సబ్ ఎడిటర్‌గా ఇదే పని చేస్తున్నాను. ఈ పనంటే నాకు ప్రాణం. దీనికోసం మూడేళ్లు, అమ్మానాన్నల డబ్బు పెట్టబోతున్న పిల్లకు నా మాట వల్ల నష్టం జరగకూడదు కదా, అదే నా టెన్షన్.

మర్నాడు తను రాసుకున్న కాలేజీల జాబితా వాట్సాప్‌లో పంపింది. అందులో సగం చోట్లకు ఇంటర్‌తో వెళ్లలేం. చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో ఉన్నది పీజీ డిప్లొమా. ఢిల్లీలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్ (ఐఐఎంసీ)కి పేరు తెచ్చిన డిప్లొమాలూ డిగ్రీ తర్వాతివే. తెలుగు పత్రికలు సొంతంగా నడిపే జర్నలిజం స్కూళ్లు కూడా డిగ్రీ అయినవాళ్లనే తీసుకుంటాయి, శిక్షణలో స్టైపెండ్ ఇస్తాయి. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నాటిది, నేను బీసీజే (బ్యాచిలర్ ఆఫ్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం) చేసింది అక్కడే. పేరులో బ్యాచిలర్ అని ఉన్నా అది డిగ్రీ చేతికొచ్చాక చదివే ఏడాది కోర్సు. ఈ తేడా చెప్పేవాళ్లు లేక ఎంతమంది పిల్లలు వేసవంతా పోగొట్టుకుంటున్నారో.

ఇంటర్ తర్వాత నేరుగా చేరాలంటే మనకున్నది డిగ్రీ కాలేజీల్లోని బీఏ మాస్ కమ్యూనికేషన్. హైదరాబాద్‌లో బేగంపేట సెయింట్ ఫ్రాన్సిస్, అల్వాల్ లయోలా అకాడమీ ఈ కోర్సుకు బాగా తెలిసిన పేర్లు. ఢిల్లీ యూనివర్సిటీలో లేడీ శ్రీరామ్, కమలా నెహ్రూ కాలేజీల్లో జర్నలిజం ఆనర్సే ఉంది. దానికి 2022 నుంచి సీయూఈటీ అనే దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష రాయాలి. తెలుగుతో కలిపి 13 భాషల్లో రాసే వీలుంది. కానీ మనవాళ్లు ఇంటర్ పరీక్షల హడావుడిలో ఉండగానే ఆ దరఖాస్తుల గడువు అయిపోతుంది. మా పిల్లకూ అదే జరిగింది. ఇది చదువుతున్నవాళ్ల ఇంట్లో ఇంటర్ సెకండియర్ పిల్లలుంటే జనవరి నుంచే దాని మీద ఓ కన్నేసి ఉంచండి.

ఇక మన తెలంగాణలో చాలా కాలేజీలకు దోస్త్ అనే ఆన్‌లైన్ డిగ్రీ అడ్మిషన్ల పోర్టల్ ద్వారానే సీటు. కొన్ని కాలేజీలు దోస్త్‌లో ఉండవు, వాటి నోటిఫికేషన్ వేరు, గడువు వేరు, ఫీజు వేరు. మన కోర్సుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందో లేదో అడ్మిషన్ కౌంటర్లో నోటిమాటగా కాకుండా కాగితం మీద రాయించుకోవాలి.

కాజీపేటలో పొద్దున్నే రైలెక్కి ఇద్దరం హైదరాబాద్ వెళ్లాం. మూడు కాలేజీలు చూశాం.

మొదటిదాన్లో మమ్మల్ని నేరుగా స్టూడియోకి తీసుకెళ్లారు. గోడంతా పచ్చ తెర, న్యూస్ రీడర్ కూర్చునే బల్ల, మూడు కెమెరాలు. మా పిల్ల కళ్లు మెరిశాయి, ఆ బల్ల వెనక కూర్చుని ఫొటో కూడా దిగింది. నేను కెమెరా దగ్గరికెళ్లి చూస్తే దాని చిన్న తెర మీద ఫ్యాక్టరీలో అంటించిన ప్లాస్టిక్ పొర ఇంకా ఊడదీయలేదు. పిల్లలకు కెమెరా ఇచ్చేటప్పుడు రాసే రిజిస్టర్ చూపిస్తారా అని అడిగాను. ల్యాబ్ అసిస్టెంట్ మంచివాడు, మారుమాట లేకుండా తెచ్చాడు. చివరి ఎంట్రీ నవంబర్‌లో ఉంది. మేం వెళ్లింది మే నెలలో. వాళ్ల డబ్బుతో కొన్న కెమెరా వాళ్ల చేతికే రాకపోతే ఆ పిల్లలు ఏం నేర్చుకుని బయటికొస్తారు?

రెండో కాలేజీ ఓ ఇరుకు సందులో ఉంది. స్టూడియో లేదు. మెట్ల దగ్గర నోటీసు బోర్డు మీద ఏ3 కాగితం ఒకటి పిన్నులతో గుచ్చి ఉంది. వారానికో సంచిక అట. రెండు కాలమ్‌ల కింద రాసిన పిల్లల పేర్లు. కాలేజీ ముందు బస్సు ఆగడం లేదని ఒక వార్త, క్యాంటీన్ రేట్ల మీద ఇంకోటి. లెక్చరర్ ఒకామె బయటికొస్తే, ఆ కాగితం అచ్చుకెళ్లే ముందు పిల్లలు రాసిచ్చిన కాపీలు ఉన్నాయా అని అడిగాను. బీరువా తీసి ఒక ఫైలు చేతికిచ్చింది.

ఆ ఫైలు దగ్గరే నేను అరగంట కూర్చుండిపోయాను. బస్సు వార్త మొదటి కాపీ చేతిరాతలో ఉంది. "విద్యార్థులు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు" అన్న వాక్యం కింద పచ్చ ఇంకుతో గీత. మార్జిన్‌లో "ఎవరన్నారు? ఎంతమందిని అడిగావు?" అని ఉంది. రెండో కాపీలో ముగ్గురు అమ్మాయిల మాటలు వచ్చాయి. దాని పక్కన మళ్లీ పచ్చ ఇంకు: "డిపో మేనేజర్‌కు ఫోన్ చేశావా?" మూడో కాపీలో ఆయన సమాధానం ఉంది. పొద్దున ఎన్నింటికి ఎన్ని బస్సులు ఆపకుండా వెళ్లాయో ఆ అబ్బాయి నాలుగు రోజులు స్టాప్‌లో నిలబడి రాసుకున్న లెక్క కూడా ఉంది. మా డెస్క్‌లో రోజూ రాత్రి మేం చేసే పని అచ్చంగా ఇదే. చెప్పొద్దూ, నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

మూడో కాలేజీ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ప్లేస్‌మెంట్ల బోర్డు పెద్దదే గానీ, ఏ ఉద్యోగాలని విడిగా అడిగితే చాలావరకు ఈవెంట్ మేనేజ్‌మెంట్, యాడ్ సేల్స్. అవి చెడ్డ ఉద్యోగాలని కాదు, మా పిల్లకు కావలసినవి అవి కావు.

తిరుగు రైల్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. తనకు స్టూడియో మీద మనసు పోలేదు. నాకు అర్థమైంది, పదిహేడేళ్ల పిల్ల. అందుకే పోయిన ఏడాది మా డెస్క్‌లో జరిగిన ఒక సంగతి చెప్పాను. ఒక మండలం నుంచి పోక్సో కేసు, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద పెట్టిన కేసు వార్త వచ్చింది. పాప పేరు రాయలేదు గానీ ఊరు, తండ్రి చేసే పని, చదివే స్కూలు అన్నీ రాసి పంపారు. ఆ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం పేరొక్కటే కాదు, కుటుంబం వివరాలు, స్కూలు, ఇరుగుపొరుగు, పాప ఎవరో తెలిసిపోయే ఏ ముక్కా వేయకూడదు. రాసిన కుర్రాడికి మాస్ కమ్యూనికేషన్ డిగ్రీ ఉంది, ఈ సంగతి మాత్రం తెలియదు. ఆ రాత్రి చూసుకోకుండా పేజీ వదిలేసి ఉంటే ఆ పాప గతేమిటని ఇప్పటికీ నాకు ఉలిక్కిపడి మెలకువ వస్తుంది. "అందుకే బిడ్డా, మీడియా చట్టాలు ఎవరు చెబుతారు, ఎన్ని క్లాసులు చెబుతారని ఆ లెక్చరరమ్మను నేను అంతసేపు అడిగింది" అన్నాను. తను కాసేపు ఏం మాట్లాడలేదు. ఘన్‌పూర్ దాటాక "రెండోదే పెడదాం" అంది.

ఆ రెండో కాలేజీ పిల్లలతో విడిగా మాట్లాడాను కూడా. సమాచార హక్కు దరఖాస్తు ఎవరైనా వేశారా అంటే సెకండియర్ అమ్మాయి ఒకతి చెయ్యెత్తింది. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. ఇరవై ఎనిమిదో రోజున మున్సిపాలిటీ నుంచి జవాబొచ్చిందని ఎంత సంతోషంగా చెప్పిందో. కాలేజీ చూడ్డానికి వెళ్తే ప్రిన్సిపాల్ గదిలోంచి నేరుగా ఇంటికొచ్చేయకండి. సెకండియర్ పిల్లలను క్యాంటీన్లో పట్టుకోండి.

సబ్జెక్టుల దగ్గర ఇంట్లో కాస్త వాదన జరిగింది. మా మరిది సైకాలజీ కాంబినేషన్ తీసుకోమన్నాడు, ఇప్పుడు దానికి డిమాండ్ ఉందని. నేను మాస్ కమ్యూనికేషన్‌తో పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్ ఉన్నదే కావాలన్నాను. రేపు బడ్జెట్ పుస్తకం, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక చదవాల్సింది ఈ పిల్లే. వార్త రాయడం ఎవరైనా నేర్పగలరు. దేని గురించి రాయాలో తెలియాలంటే ఒక సబ్జెక్టు లోతుగా చదివి ఉండాలి. అసలు మంచి కాలేజీ దొరక్కపోతే మామూలు బీఏలో ఎకనామిక్స్ బాగా చదివి, జర్నలిజం పీజీలో చేయడమే మేలని ఇప్పటికీ అంటాను.

ఇంకొకటి, సెకండ్ లాంగ్వేజ్. ఇంటర్‌లో మార్కులొస్తాయని అందరిలాగే మా పిల్లను కూడా సంస్కృతమే తీసుకోమన్నారు. రెండేళ్లలో తెలుగు పేరా ఒక్కటి రాయలేదు. మాస్ కమ్యూనికేషన్ చదివి మా దగ్గరికి ఇంటర్న్‌షిప్‌కు వచ్చే పిల్లల్ని చూస్తుంటాను కదా. వార్తా ఏజెన్సీ పంపిన ఇంగ్లిష్ కాపీ ఇచ్చి తెలుగు చేయమంటే "వంతెన మంత్రి చేత ప్రారంభించబడింది" అని రాస్తారు. "వంతెనను మంత్రి ప్రారంభించారు" అనడానికి వాళ్లకు నెల పడుతుంది. తెలుగు పత్రికలో, తెలుగు చానెల్లో పనిచేయాలని ఉంటే డిగ్రీలోనైనా సెకండ్ లాంగ్వేజ్ తెలుగే తీసుకోవాలి. ఈ ఒక్క విషయంలో నేను పట్టుబట్టాను.

దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేశాం. రెండో కాలేజీ మొదటి ఆప్షన్. అలాట్‌మెంట్ వచ్చేదాకా ఖాళీగా ఉండకుండా రోజూ వాళ్ల ఊరి వార్త ఒకటి నూరు మాటల్లో రాసి పంపమన్నాను. మొన్న నీళ్ల ట్యాంకు మీద రాసింది. "చాలా రోజులుగా నీళ్లు రావడం లేదు" అని ఉంది. ఎన్ని రోజులు, ఎవరు చెప్పారు అని తిరిగి పంపాను. గంటన్నరకు జవాబొచ్చింది: "పెద్దమ్మా, వాటర్‌మ్యాన్ ఇంటికి పోయి అడిగిన. పదకొండు రోజులు. మోటారు కాలిందంట. సర్పంచ్ సార్ ఫోన్ ఎత్తుతలేడు, పొద్దున పంచాయతీ ఆఫీసుకు పోత."