తెనాలి కుర్రాడి పాత అడ్రసు

రాత్రి రెండున్నర. గుంటూరు బ్రాడీపేటలో మా ముందుగదిలో ఫ్యాను కింద కూర్చుని ఉన్నాను. ఆ పొద్దునే డాలస్ నుంచి దిగాను, నిద్ర రావడం లేదు, నా ఒంటికి అప్పుడింకా సాయంత్రం నాలుగే. ఫోను మోగింది. "అన్నా, సారీ అన్నా, లెన్స్ ఆర్డర్‌లో పాత అడ్రసు పడిపోయింది. నేనిప్పుడు ఆ ఊళ్ళో లేను."

కెమెరా పిచ్చి పట్టినప్పుడు కొన్న లెన్స్ అది, పిచ్చి వదిలి రెండేళ్ళయింది, ఊరికే బీరువాలో ఉండేబదులు ఆన్‌లైన్‌లో అమ్మేశాను. శనివారం పొద్దున డాలస్ పక్కనే మేముండే అర్వింగ్‌లో పోస్టాఫీసుకెళ్ళి పార్శిల్ ఇచ్చేసి, సాయంత్రం విమానం ఎక్కేశాను. కొన్నవాడి పేరు చూసి మనవాడే అనుకున్నాను గానీ అంతకుమించి పట్టించుకోలేదు. తెనాలి కుర్రాడట. మిస్సోరీలో వారెన్స్‌బర్గ్‌లో ఎంఎస్ చేశాడు, మే నెలలో అయిపోయింది, జూన్‌లో ఒహాయోలోని కొలంబస్‌లో ఉద్యోగం. యాప్‌లో ఎప్పుడో చదువుకునే రోజుల్లో పెట్టిన అడ్రసు అలాగే ఉండిపోయింది, చూసుకోకుండా కొనేశాడు. నా పార్శిల్ అప్పటికే కాన్సస్ సిటీ దాకా వెళ్ళిపోయింది, మర్నాడే డెలివరీ అని చూపిస్తోంది.

నిజం చెప్పాలంటే నాకు ముందు వచ్చింది జాలి కాదు, అనుమానం. అమ్మేవాళ్ళని ముంచే పాత ఎత్తు ఇదే. కొన్నాక 'అడ్రసు మారింది, ఇక్కడికి పంపండి' అంటారు, పంపాక 'నాకు రాలేదు' అని డబ్బు వెనక్కి అడుగుతారు. ఆర్డర్‌లో ఉన్న అడ్రసుకి కాకుండా ఇంకోచోటికి పంపితే పేపాల్ లాంటివాళ్ళు అమ్మినవాడికిచ్చే రక్షణ పోతుంది, దారిలో మళ్ళించినా అంతే. తెనాలి వాడైతే మోసం చేయడని ఎక్కడా రాసిలేదు కదా. అందుకే వాడికి సూటిగా చెప్పాను: కొత్త అడ్రసుకి మళ్ళించను, వెనక్కి రప్పిస్తాను, వచ్చాక ఈ ఆర్డర్ క్యాన్సిల్ చేస్తాను, నువ్వు కొత్త అడ్రసుతో మళ్ళీ కొనుక్కో. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "సరే అన్నా" అన్నాడు. మోసగాడైతే అంత తొందరగా ఒప్పుకోడు.

"ఇల్లు మారినప్పుడు పోస్టాఫీసుకి చెప్పావా?" అని అడిగాను.

"పోస్టాఫీసుకా? ఎందుకన్నా?"

వాణ్ణి అని లాభం లేదు, నాకూ ఎవరూ చెప్పలేదు. అమెరికాలో ఇల్లు మారితే అక్కడి తపాలా శాఖ యూఎస్‌పీఎస్ వెబ్‌సైట్‌లో అడ్రసు మార్పు పెట్టుకోవాలి, మనం మనమేనని నిర్ధారించుకోవడానికి డాలరు పైచిలుకు తీసుకుంటారు. ఆ తర్వాత పాత ఇంటికొచ్చే ఉత్తరాలు ఏడాదిపాటు కొత్త ఇంటికి వాళ్ళే పంపుతారు. అయితే అది అమల్లోకి రావడానికి కొన్ని రోజులు పడుతుంది, రెండు వారాలు చేతిలో ఉంచుకోమని వాళ్ళే చెబుతారు. ఈ రాత్రి పెట్టి రేపటి పార్శిల్‌ని ఆపడం కుదరదు.

మిగిలింది ఒకటే, పంపినవాడు దారిలో ఆపించడం. ప్యాకేజ్ ఇంటర్‌సెప్ట్ అంటారు. ట్రాకింగ్ ఉన్న పార్శిల్ అయి ఉండాలి, పోస్టుమేన్ బండెక్కి డెలివరీకి బయల్దేరక ముందే అడగాలి. కచ్చితంగా ఆపుతామని మాట కూడా ఇవ్వరు. ఫీజు ఉంటుంది, వెనక్కి తెచ్చే ఖర్చు కూడా దానికి అదనంగా పడొచ్చు. సరే అని లాగిన్ అయితే ఓటీపీ నా అమెరికా నంబరుకి పంపాం అంది. ఆ సిమ్‌లో రోమింగ్ ఆపేసి ఉంది. ఇంట్లో వైఫైకి కలిపి, వైఫై కాలింగ్ ఆన్ చేసి, ఫోను ఆపి మళ్ళీ పెట్టి, మూడోసారికి వచ్చింది ఓటీపీ. ఇండియా వచ్చే ముందు సూట్‌కేసులు రెండుసార్లు తూచుకుంటాం గానీ ఈ ఒక్క సెట్టింగ్ మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఈ హడావుడికి నాన్న లేచి వచ్చారు. ఆయన తపాలా శాఖలో పోస్టుమేన్‌గా రిటైరయ్యారు, అరండల్‌పేట, బ్రాడీపేట బీట్లలో తిరిగిన మనిషి. విషయం చెప్పాను.

"దీనికింత టెన్షన్ ఎందుకురా, ఆ బీట్ పోస్టుమేన్‌కి ఒక మాట చెబితే అయిపోద్దిగా?"

"అక్కడ అట్లా కుదరదు నాన్నా."

"అంటే? కుర్రాడు ఊరొదిలి వెళ్ళిపోయాడని ఆయనకి తెలీదా?"

ఎలా తెలుస్తుంది? అర్వింగ్‌లో నాకొచ్చే పోస్టుమేన్ పేరు నాకు తెలియదు. అపార్టుమెంటు కింద వరసగా డబ్బాలు ఉంటాయి, మధ్యాహ్నం ఎప్పుడో వచ్చి నంబరు చూసి పడేసి పోతారు, నేను ఆఫీసు నుంచి వచ్చి తాళం తీసి తెచ్చుకుంటాను. ఆయనకి నేను ఒక డబ్బా నంబరుని. తప్పని అనడం లేదు, ఏటా ఇళ్ళు మారే జనానికి అలాగే ఉంటుంది. నాన్న పద్ధతి వేరు. బ్రాడీపేటలో అడ్రసంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు, 4/14 అని రాస్తే చాలు. ఆ లైనులోంచి ఎవరైనా ఇల్లు మారితే నాన్న కవరు మీద పాత అడ్రసు కొట్టేసి కొత్తది రాసి మళ్ళీ సార్టింగ్‌లో వేసేవారు. ఎక్కడికెళ్ళారో ఎవరికీ తెలియకపోతేనే 'లెఫ్ట్' అని రాసి వెనక్కి పంపడం. అలా రాయాల్సి వస్తే ఆయనకి నామోషీ. ఎదురింటి వాళ్ళనీ, కిరాణా కొట్టునీ, చివరికి పాలవాణ్ణీ అడిగాకే రాసేవారు. 2025 సెప్టెంబరు 1న రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేసినప్పుడు నాకు ఫోన్ చేసి మరీ బాధపడ్డారు, నేను మీటింగ్‌లో ఉండి సరిగ్గా వినలేదు.

అడ్రసు విషయంలో నేను ఇంత గట్టిగా ఉండటానికి కారణం ఉంది. వీసా మీద ఉండేవాళ్ళం ఇల్లు మారితే 10 రోజుల్లోపల ఇమిగ్రేషన్ వాళ్ళకి ఏఆర్-11 ఫారం పెట్టాలి, అది చట్టం. మేము అర్వింగ్‌లోనే ఈ చివర నుంచి ఆ చివరకి మారినప్పుడు, ఊరు మారలేదు కదా అని నేను బద్ధకించాను. సరిగ్గా అప్పుడే మా ఆవిడ వర్క్ పర్మిట్ కార్డు పాత ఇంటికి వెళ్ళింది. అలాంటి కార్డుల్ని మామూలు ఉత్తరాల్లా కొత్త ఇంటికి పంపరు, వెనక్కి తిప్పేస్తారు. అది మళ్ళీ చేతికొచ్చేదాకా ఆవిడ ఉద్యోగంలో చేరలేకపోయింది. తప్పు పూర్తిగా నాదే, ఇప్పటికీ ఏ చిన్న గొడవ వచ్చినా ఆ కార్డు సంగతి బయటికొస్తుంది.

మంగళవారం రాత్రంతా ట్రాకింగ్ పేజీ చూస్తూ కూర్చున్నాను. డెలివరీ అని పడలేదు. బుధవారం వెనక్కి బయల్దేరిందని కనిపించింది. అర్వింగ్‌లో మా ఇంటికి తాళం, అందుకని పక్క ఫ్లాట్ వదినకి డబ్బా తాళంచెవి ఇచ్చి వచ్చాను, నరసరావుపేట ఆవిడ. పార్శిల్ వచ్చిందని ఫోటో పెట్టింది. కుర్రాడు కొత్త అడ్రసుతో మళ్ళీ కొన్నాడు. నేను ఇక్కడినుంచి లేబుల్ పంపితే వదిన ఆఫీసులో ప్రింటు తీసుకుని అంటించి వేసింది. ఆపించిన ఫీజూ, వెనక్కి వచ్చిన ఖర్చూ కుర్రాడే జెల్‌లో, అంటే అక్కడ డబ్బు పంపుకునే యాప్‌లో, కొట్టాడు. తీసుకున్నాను. నాన్నకి అది నచ్చలేదు, "రీడైరెక్టుకి మేమెప్పుడైనా డబ్బులడిగామా" అన్నారు. అడ్రసు తప్పు రాసినవాడే కట్టాలని నా లెక్క, మోమాటపడితే అలవాటైపోతుంది.

అయితే లేబుల్ తీసే ముందు నాన్న ఒక పని చేశారు. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, పాత డైరీ ఒకటి తెరిచి, "బాబూ, నీ అడ్రసు చెప్పు, నేను రాసుకుంటా" అన్నారు. వాడు చెప్పాడు. అపార్టుమెంటు నంబరు దగ్గర ఆపి రెండుసార్లు పలికించారు.

"పిన్ కోడ్?"

"ఇక్కడ జిప్ కోడ్ అంటారు అంకుల్."

"అదేలే, అంకెలు చెప్పు."

వాడు ఐదు అంకెలు చెప్పి ఆగాడు. నాన్న ఆరోది కోసం పెన్ను పట్టుకుని చూస్తున్నారు. ఐదే ఉంటాయని నేను చెప్పాక, ఇంకా నమ్మకం కుదరనట్టే కింద గీత గీసి, "మరి తెనాలిలో మీ ఇల్లు ఎక్కడ, 522201లోకే వస్తదా?" అని అడిగారు. వాడు నవ్వుతూ ఏదో పేట పేరు చెప్పాడు. ఆ పేట బీట్‌లో ఎవరు పనిచేసేవారో నాన్న చెప్పడం మొదలుపెట్టారు, అక్కడ వాడికి ఆఫీసు టైమవుతోంది, అయినా పెట్టేయలేదు.